నాన్నా పులి... నిజమా? అబద్ధమా?

కడప జిల్లా చక్రాయపేట మండలంలో చీనీ తోట ఉన్న రైతును 'మీ మోటారు ఎలా ఉంది?' అని అడగండి. ఆయన బోరు వైపు చూడడు. గట్టు మీదున్న స్టార్టర్ డబ్బా వైపు చూస్తాడు.

చూడక ఏం చేస్తాడు? మోటారు ఉండేది భూమి లోపల. ఆరు వందల అడుగులో, ఎనిమిది వందల అడుగులో, ఒక్కోచోట వెయ్యి దాటి ఇంకా కిందకో! దాన్ని కళ్లారా చూసింది బోరులోకి దించిన రోజునే. మళ్లీ చూసేది కాలిపోయి పైకొచ్చిన రోజున. ఈ రెండు రోజుల మధ్యా ఆ ఇనుప గొట్టంలాంటి యంత్రం ఎలా ఉందో చెప్పడానికి ఉన్న సాక్షులు మూడే. వోల్టుమీటరు, ఆంపియర్ మీటరు, పైపులోంచి పడే నీళ్లు. అందుకే రైతు ఫోన్ చేయగానే మెకానిక్ అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే... 'ఆంప్సు ఎంత చూపిస్తాందన్నా?'

కంటికి కనపడని యంత్రం లోపల ఏం జరుగుతోందో బయట దొరికే రెండు మూడు అంకెలతో ఊహించడం, ఆ ఊహతోనే లోపాన్ని పట్టుకోవడం... ఇదేదో పల్లెటూరి ఉపాయం అనుకుంటే పొరపాటు. విమానాలనూ, రాకెట్లనూ, కరెంటు కేంద్రాలనూ కాపాడుతున్న ఇంజినీరింగ్ విద్య ఇదే. కంట్రోల్ సిస్టమ్స్ చదివే వాళ్లు దీన్ని 'అబ్జర్వర్' అంటారు. తెలుగులో చెప్పాలంటే పరిశీలకుడు. ఈ పరిశీలకుడు మేలుకుని ఉంటే మోటారు బతుకుతుంది. నిద్రపోతే కాలిపోతుంది. మరి ఉలిక్కిపడే రకమైతే? అప్పుడూ నష్టమే. ఆ నష్టం ఎంత దూరం వెళ్తుందో మన రాష్ట్రంలోనే, శ్రీహరికోటలో 2022లో తెలిసొచ్చింది.

డబ్బాలో కూర్చున్న కవల

ముందు ఆ స్టార్టర్ డబ్బానే కాస్త తెరిచి చూద్దాం. అందులో ఓవర్‌లోడ్ రిలే అని ఒక చిన్న పరికరం ఉంటుంది. దాని లోపల రెండు వేర్వేరు లోహాలను అతికించిన పట్టీలు ఉంటాయి. మోటారుకు వెళ్లే కరెంటు ఈ పట్టీలనూ వేడి చేస్తుంది. వేడెక్కితే ఒక లోహం ఎక్కువగా, ఇంకోటి తక్కువగా సాగుతాయి. దాంతో పట్టీ వంగుతుంది. వంగడం ఒక హద్దు దాటగానే మీట తన్నేసి మోటారును ఆపేస్తుంది. రైతులు 'ట్రిప్ అయింది' అనేది దీన్నే.

ఇందులో ఒక గొప్ప తెలివి దాగి ఉంది. అడుగున ఉన్న మోటారు వైండింగ్ ఎంత వేడెక్కిందో కొలవడం కష్టం. అందుకే దానిలాగే వేడెక్కే ఒక కవలను పైన, డబ్బాలో కూర్చోబెట్టారు. ఇద్దరికీ ఒకటే కరెంటు. కింద ఉన్నవాడు వేడెక్కితే పైన ఉన్నవాడూ వేడెక్కుతాడు. పైవాడిని చూసి కిందివాడి బాధను తెలుసుకోవచ్చు. కంప్యూటర్ల కన్నా ముందే పుట్టిన పరిశీలకుడన్నమాట!

అయితే ఈ కవలలు పెరిగిన ఇళ్లు వేరు. కిందివాడు చల్లటి నీళ్లలో ఉంటాడు. పైవాడు కడప ఎండలో, ఇనుప డబ్బాలో ఉక్కిపోతుంటాడు. మే నెల మధ్యాహ్నం డబ్బా పెనంలా కాలిపోతుంటే పట్టీ కరెంటుతో పాటు ఎండకూ వంగుతుంది. కింద మోటారు నిక్షేపంగా ఉన్నా పైన మీట తన్నేస్తుంది. పరిసరాల వేడిని సర్దుకునే ఏర్పాటున్న రిలేలు ఉన్నాయి కానీ, అన్ని డబ్బాల్లోనూ అవే ఉంటాయన్న హామీ లేదు.

దీనికి పూర్తిగా తిరగబడే సందర్భం ఇంకోటుంది. బోరులో నీళ్లు అడుగంటాయనుకోండి. పంపుకు తోడటానికి నీళ్లుండవు కాబట్టి మోటారు మీద బరువు తగ్గుతుంది. కరెంటూ తగ్గుతుంది. పైన పట్టీ హాయిగా చల్లబడుతుంది. 'అంతా బాగుంది' అంటుంది. కానీ కింద మోటారును చల్లబరచాల్సినవి ఆ నీళ్లే. అవి కదలకపోతే తక్కువ కరెంటుకే అది కాగిపోతుంది. అంటే, కవల కులాసాగా ఉండగానే అసలు మనిషి ప్రాణాల మీదికొచ్చిందన్నమాట.

ఒకే పరికరం. ఒకసారి లేని పులిని చూసి అరిచింది. ఇంకోసారి ఉన్న పులిని చూడలేకపోయింది. పరికరం చెడిపోయిందా అంటే, లేదు. చుట్టూ పరిస్థితి మారింది. మారిన సంగతి దానికి తెలియదు. అంతే.

ఒకే అంకె... రెండు అర్థాలు

ఇంట్లో షుగర్ పరీక్ష చేయించుకునే పెద్దవాళ్లుంటే ఈ ముక్క ఇట్టే అర్థమవుతుంది. రిపోర్టులో 130 అని ఉంది. మంచిదా, చెడ్డదా? పరగడుపున తీసిన రక్తమైతే డాక్టరు కనుబొమలు ముడుస్తారు. భోజనం చేసిన రెండు గంటలకు తీసినదైతే 'ఫర్వాలేదు, వెళ్లి రండి' అంటారు. అంకె అదే. మనిషి అతడే. మారింది పరిస్థితి.

మోటారు సంగతీ అంతే. ఉదాహరణకు ఒక మోటారు, 415 వోల్టులు సరిగ్గా వచ్చినప్పుడు 12 ఆంపియర్లు తీసుకుంటోందనుకుందాం. త్రీఫేజ్ కరెంటు వచ్చే వేళ అది. ఊళ్లో మోటార్లన్నిటికీ ఆటోమేటిక్ స్టార్టర్లే. అన్నీ ఒక్కసారే లేచాయి. వోల్టేజి 350కి పడిపోయింది. మోటారు చేయాల్సిన పని తగ్గలేదు కాబట్టి, వోల్టులు తగ్గిన మేరకు ఆంపియర్లు ఎక్కువ లాగుతుంది. లెక్క కడితే 14 దాకా వెళ్తుంది. అంటే 350 వోల్టుల దగ్గర 14 ఆంపియర్లు ఆ వేళకు ఉండాల్సిన అంకె. వైండింగ్‌కు అది మంచిది కాదు కానీ, మోటారులో మాత్రం లోపం లేదు. అదే 14, వోల్టేజి 415 ఉన్నప్పుడు కనపడితే? కింద ఏదో బిగుసుకుంటోంది. ఇసుక చేరిందో, బేరింగు అరిగిందో చూడాల్సిందే.

ఇప్పుడు అసలు చిక్కు ప్రశ్న. వోల్టేజి 350 ఉంది. మీటరు 12 ఆంపియర్లు చూపిస్తోంది. రోజూ చూసే అంకే కదా అని రైతు వెనక్కి తిరుగుతాడు. కానీ 350 దగ్గర ఉండాల్సింది 14. రెండు తగ్గాయి. అంటే పంపు మీద బరువు తగ్గింది. నీటిమట్టం జారిపోతోందేమో! మామూలుగా కనిపించే అంకే ఇక్కడ ప్రమాద ఘంటిక.

కాబట్టి 'ఇన్ని ఆంపియర్లు దాటితే ఆపెయ్' అన్న ఒక్క గీత చాలదు. ఆ గీత పరిస్థితిని బట్టి జరగాలి. వోల్టేజిని బట్టి, నీటిమట్టాన్ని బట్టి, వేడిని బట్టి. పని చేస్తుండగానే స్వభావం మారుతూ ఉండే ఇలాంటి యంత్రాల్లో లోపాన్ని పట్టుకోవడం కంట్రోల్ ఇంజినీర్లకు కొన్ని దశాబ్దాలుగా పెద్ద పరీక్షగా ఉంది.

కంప్యూటర్లో ఇంకో మోటారు

పట్టీ కవల బదులు లెక్కల కవలను తయారు చేస్తే? ఆ దారి చూపిన వాళ్లలో ఇద్దరి పేర్లు ప్రతి ఇంజినీరింగ్ విద్యార్థికీ తెలుసు. ఒకరు హంగరీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన రుడాల్ఫ్ కాల్మన్. 1960లో ఆయన ప్రచురించిన పద్ధతి అపోలో వ్యోమనౌకలకు చంద్రుడి దారి చూపింది. రెండో ఆయన డేవిడ్ లూయెన్‌బర్గర్. పరిశీలకుడన్న ఆలోచనకు 1964లో ఒక స్పష్టమైన రూపం ఇచ్చింది ఈయనే.

ఆలోచన చెప్పుకోవడానికి చాలా సులువు. అసలు యంత్రం ఎలా నడుస్తుందో సమీకరణాలుగా రాసి కంప్యూటర్లో ఒక నకలును నడిపిస్తారు. అసలు దానికి ఎంత వోల్టేజి ఇస్తున్నారో నకలుకూ అంతే ఇస్తారు. 'ఈ వోల్టేజికి ఇంత కరెంటు రావాలి' అని నకలు చెబుతుంది. మీటరు నిజంగా వచ్చిందెంతో చెబుతుంది. రెండిటికీ తేడా ఉంటే ఆ తేడాను మళ్లీ నకలుకే చూపించి సర్దుకోమంటారు. ఇలా సెకనుకు ఎన్నోసార్లు సర్దుకుంటూ పోతే, కాసేపటికి నకలు లోపలి సంగతులు అసలు యంత్రం లోపలి సంగతులతో కలిసిపోతాయి. అప్పుడు బోరులోకి దిగక్కర్లేదు. నకలును అడిగితే చాలు.

మరి ఎంత సర్దినా తేడా పోకపోతే? నకలుకు తెలియనిది ఏదో అసలు యంత్రంలో జరుగుతోందన్నమాట. లోపం అక్కడే దొరుకుతుంది.

పరిస్థితులు మారుతుంటే నకలు కూడా మారాలి. వోల్టేజి పడిపోతే నకలులోని అంకెలూ ఆ మేరకు మారిపోయేలా ముందే రాసి పెడతారు. విమానమైతే ఎత్తును, వేగాన్ని బట్టి మారుస్తారు. రాకెట్టయితే కరిగిపోతున్న ఇంధనాన్ని బట్టి. ఒక కొలతను చూసి తనను తాను మార్చుకునే నకలన్నమాట. పులివెందుల దారిలో బస్సు నడిపే డ్రైవరు ఏం చేస్తాడు? ఖాళీ బస్సు బ్రేకు ఒకలా, తిరునాళ్లకు జనం కిక్కిరిసిన బస్సు బ్రేకు ఇంకోలా తొక్కుతాడు కదా. బ్రేకు చెడిందో, బస్సు బరువెక్కిందో ఆయన కాలికి తెలుసు. ఆ తేడా కంప్యూటర్‌కు నేర్పాలి.

లోపం ఉందా... ఎంత ఉంది?

ఇక్కడ ఇంకో మెట్టు ఉంది. లోపం ఉందని తెలియడం వేరు. ఎంత ఉందో తెలియడం వేరు. జ్వరం ఉందని నుదుటి మీద చెయ్యి పెట్టిన తల్లికి తెలుస్తుంది. 100 డిగ్రీలా, 104 డిగ్రీలా అన్నది థర్మామీటరు చెబుతుంది. తడిగుడ్డ వెయ్యాలా, ఆసుపత్రికి పరుగెత్తాలా అన్నది తేలేది ఆ అంకెతోనే.

యంత్రాల్లోనూ అదే. పంపు సామర్థ్యం నూటికి పది తగ్గిందంటే కోత అయ్యేదాకా నడిపించుకోవచ్చు. సగం పోయిందంటే ఇప్పుడే ఆపాలి. అందుకని ఇంజినీర్లు లోపాన్నే ఒక కనపడని రాశిగా లెక్కలోకి తీసుకుంటారు. వైండింగ్ వేడి, నీటిమట్టంలాంటి వాటితో పాటు 'లోపం ఎంత' అన్న గడిని కూడా నకలులో పెట్టి, అన్నిటినీ కలిపి అంచనా కట్టిస్తారు. లోపం ఎంతో తెలిస్తే దాన్ని లెక్కలోకి తీసుకుని యంత్రాన్ని జాగ్రత్తగా నడిపించవచ్చు కూడా. ఒక రెక్క దెబ్బతిన్న విమానాన్ని మిగతా రెక్కల సాయంతో దించగలగడం ఇలాంటి విద్యతోనే సాధ్యం.

అయితే అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదు? దానికో హద్దుంది. ఆ హద్దుకు ఒక తెలుగువాడి పేరుంది! కల్యంపూడి రాధాకృష్ణారావు, అంటే ప్రపంచమంతా సి.ఆర్.రావుగా ఎరిగిన గణాంక శాస్త్రవేత్త. 1920లో హడగలిలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరిన ఆయన 1945లో ఒక వ్యాసం ప్రచురించారు. కొలతల్లో గందరగోళం ఇంత ఉన్నప్పుడు, ఏ పక్షపాతమూ లేని అంచనా ఏదైనా సరే, ఇంతకన్నా కచ్చితంగా ఉండటం కుదరదని అందులో నిరూపించారు. స్వీడన్ శాస్త్రవేత్త హెరాల్డ్ క్రామర్ పేరుతో కలిపి దాన్ని 'క్రామర్-రావు హద్దు' అంటారు. రావుగారికి 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో నూటరెండేళ్ల వయసులో కన్నుమూశారు.

ఆ హద్దు చెప్పేది మామూలు మాటల్లో ఇదే... కొలత వణుకుతుంటే అంచనా కూడా వణుకుతుంది. తొందరపడి ఒకటి రెండు కొలతలతో తీర్పు చెబితే తప్పే అవకాశం ఎక్కువ. ఆగి ఆగి ఎన్నో కొలతలు తీసుకుంటే తీర్పు సరిగ్గా ఉంటుంది. కానీ అప్పటికి మోటారు కాలిపోయి ఉండొచ్చు. తొందరకీ, తప్పుకీ మధ్య ఈ తూకమే పరిశీలకుడికి అగ్నిపరీక్ష.

శ్రీహరికోటలో ఒక ఆదివారం

2022 ఆగస్టు 7, ఆదివారం. ఉదయం 9 గంటల 18 నిమిషాలు. శ్రీహరికోట నుంచి ఇస్రో కొత్త రాకెట్ మొదటిసారి లేచింది. పేరు ఎస్ఎస్ఎల్వీ. 34 మీటర్ల ఎత్తు, 120 టన్నుల బరువు. పెద్ద రాకెట్ల కోసం ఎదురుచూడకుండా చిన్న ఉపగ్రహాలను చకచకా పంపేందుకు తయారు చేసిన చిన్న రాకెట్. అందులో ఇస్రో ఉపగ్రహం ఈవోఎస్-02తో పాటు 'ఆజాదీశాట్' అనే ఎనిమిది కిలోల బుల్లి ఉపగ్రహం ఉంది. స్వాతంత్ర్యం వచ్చి 75 ఏళ్లయిన సందర్భంగా దేశంలోని 75 పాఠశాలల నుంచి 750 మంది బాలికలు చేసిన పరికరాలు అందులో ఉన్నాయి.

రాకెట్ అంటేనే క్షణక్షణం మారే యంత్రం. ఎస్ఎస్ఎల్వీ మొదటి దశలోనే 87 టన్నుల ఘన ఇంధనం ఉంటుంది. అది రెండు నిమిషాలు కూడా గడవకుండానే కాలిపోతుంది. నేల మీద 120 టన్నులున్న మనిషి పైకి వెళ్లేసరికి పిల్లాడైపోయినట్టు! బరువు మారుతుంది. గాలి పలచబడుతుంది. వేగం పెరుగుతుంది. దశలు విడిపోయినప్పుడల్లా రాకెట్ గట్టిగా కుదుపుకు లోనవుతుంది. లోపల సెన్సర్లు వేగంలో మార్పును కొలుస్తూ దారి చూపుతుంటాయి. ఆ సెన్సర్లు సరిగ్గా ఉన్నాయో లేదో ఇంకో ప్రోగ్రాము కాపలా కాస్తుంటుంది. లోపాన్ని గుర్తించి పక్కన పెట్టడం దాని పని.

మొదటి దశ బాగా కాలింది. రెండోదీ బాగా కాలింది. రెండో దశ విడిపోయేటప్పుడు, పరికరాలుండే అర మీద కొద్దిసేపు గట్టి ప్రకంపనలు వచ్చాయి. సెన్సర్ల అంకెలు ఒక్కసారి చెల్లాచెదురయ్యాయి. కాపలా ప్రోగ్రాము ఆ అంకెలు చూసింది. 'సెన్సర్లు చెడిపోయాయి' అని తీర్పు చెప్పేసింది.

సెన్సర్లను నమ్మకూడదని తేల్చాక ఇక మిగిలింది ఆపద్ధర్మ మార్గమే. సెన్సర్ల సాయం లేకుండా, అంతకుముందు వేసుకున్న లెక్క ప్రకారం మిగతా దూరం వెళ్లడం. కళ్లకు గంతలు కట్టుకుని, దారి గుర్తున్నంత వరకూ నడవడంలాంటిది. మూడో దశ కాలింది. ఉపగ్రహాలు విడిపోయాయి. కానీ చాలినంత వేగం లేదు. 356 కిలోమీటర్ల ఎత్తున గుండ్రంగా తిరగాల్సినవి, ఒకవైపు భూమికి 76 కిలోమీటర్ల దాకా దిగివచ్చే కోడిగుడ్డు ఆకారపు దారిలో పడ్డాయి. ఆ ఎత్తున ఇంకా గాలి ఉంటుంది. అది ఉపగ్రహాలను నిలవనివ్వదు. రెండూ కిందికి వచ్చేశాయి.

ఎంత వేగం తగ్గితే ఇంత జరిగింది? ఆ ఎత్తున తిరగడానికి సెకనుకు దాదాపు 7,700 మీటర్ల వేగం కావాలి. అందులో నూటికి ఒక వంతు అటూఇటూగా తక్కువైందంతే. ఇంజిన్లు బాగా పని చేశాయి. ఇంధనం బాగా కాలింది. రాకెట్ పగిలిపోలేదు. కాపలాదారుడు ఉలిక్కిపడ్డాడు. అంతే!

'నాన్నా పులి' కథ అందరికీ తెలిసిందే. అందులో పిల్లాడు సరదాకి అరిచాడు. ఇక్కడ ప్రోగ్రాము నిజాయతీగానే అరిచింది. దశ విడిపోయే వేళ కుదుపు సహజమని, కాసేపు ఓపిక పట్టాలని దానికి చాలినంతగా నేర్పలేదు. పరిస్థితి మారినప్పుడు గీత జరగాలన్న నియమం, తోటలో ఎంత నిజమో రోదసి అంచునా అంతే నిజమైంది.

అనుమానించకపోతే?

అలాగని గీతను ఎత్తుగా గీసేసి ఊరుకుంటే సరిపోతుందా? అదెంత ప్రమాదమో ప్రపంచం చూసింది.

2018 అక్టోబరు 29న ఇండొనేషియాలో లయన్ ఎయిర్ విమానం సముద్రంలో కూలింది. 189 మంది చనిపోయారు. 2019 మార్చి 10న ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ విమానం కూలి 157 మంది చనిపోయారు. రెండూ బోయింగ్ 737 మ్యాక్స్ విమానాలే. విమానం ముక్కు ఎంత పైకెత్తి ఎగురుతోందో గాలిని బట్టి కొలిచే సెన్సర్లు రెండు ఉంటాయి. ముక్కును కిందికి దించే కొత్త సాఫ్ట్‌వేర్ ఆ రెండింటిలో ఒక్కదాన్నే నమ్మేలా రాశారు. అది తప్పు అంకె చెప్పింది. లయన్ ఎయిర్ విమానంలో ఎడమ సెన్సరుకూ, కుడి సెన్సరుకూ మధ్య దాదాపు 20 డిగ్రీల తేడా ఉంది. పక్కనే ఉన్న రెండో సెన్సరును 'నువ్వేమంటావు?' అని సాఫ్ట్‌వేర్ ఒక్కమాట అడిగి ఉంటే తేడా బయటపడేది. అడగలేదు. పైలట్లు పైకి లాగుతుంటే అది కిందికి దించుతూ పోయింది.

ఆ విమానాలు మళ్లీ ఎగరడానికి అమెరికా విమానయాన సంస్థ 2020 నవంబరులో అనుమతించింది. అప్పటికి చేసిన ముఖ్యమైన మార్పుల్లో ఒకటి... రెండు సెన్సర్లనూ పోల్చి చూడటం. పొంతన లేకపోతే ఆ సాఫ్ట్‌వేర్ తలదూర్చకపోవడం.

శ్రీహరికోటలో అతిగా అనుమానించి నష్టపోయారు. అక్కడ అసలు అనుమానించక 346 ప్రాణాలు పోయాయి. రెండు తప్పుల్లో ఏది పెద్దది అంటే జవాబు స్పష్టమే. కానీ మొదటి తప్పు రెండో తప్పుకు దారి తీస్తుంది. అదే మనం తేలిగ్గా తీసుకునే సంగతి.

ఎలా అంటారా? మళ్లీ స్టార్టర్ డబ్బా దగ్గరికే రావాలి. ఎండకు రిలే పదేపదే ట్రిప్ అవుతుంటుంది. రైతు పొలానికి వచ్చి మళ్లీ మళ్లీ బటన్ నొక్కుతుంటాడు. నాలుగు రోజులు ఓపిక పడతాడు. చెట్లు వాడిపోతుంటాయి. ఐదో రోజు విసుగొచ్చి రిలేనూ, సింగిల్ ఫేజ్ ప్రివెంటర్‌నూ తప్పించి 'డైరెక్టు' చేయించేస్తాడు. ఇక ట్రిప్పుల బాధ లేదు. ఆ తర్వాత ఒక రాత్రి నిజంగానే ఒక ఫేజు పోతుంది. మూడు తీగల మీద రావాల్సిన పనిభారం రెండిటి మీద పడుతుంది. అరిచేవాడు లేడు. తెల్లారేసరికి వైండింగ్ మాడిపోయి ఉంటుంది. పులి నిజంగా వచ్చిన రోజు పిల్లాడి నోరు కట్టేసి ఉందన్నమాట.

మోటారు కాలితే పోయేది వైండింగ్ ఒక్కటే కాదు. పైపులన్నీ ఒక్కొక్కటిగా బయటికి లాగాలి. మనుషుల కూలి, బండి బాడుగ, షాపులో వరుస వచ్చేదాకా ఆగడం... ఈలోగా ఎండలు. కాయ మీదున్న చీనీ చెట్టుకు సరైన వేళలో నీళ్లు అందకపోతే కాయ రాలుతుంది. ఏడాది కష్టం కళ్లముందే నేల మీద పరుచుకుంటుంది.

రెండోసారి

ఇస్రో తన తప్పును దాచలేదు. ప్రయోగం జరిగిన రోజునే, సెన్సరు లోపాన్ని గుర్తించే తర్కం విఫలమైందని ప్రకటించింది. కమిటీ వేసింది. కారణాలు బయటపెట్టింది. తర్వాత ఆ కాపలా ప్రోగ్రామును తీసి పారేయలేదు. అది గమనించాల్సిన విషయం. 'డైరెక్టు' చేయలేదన్నమాట! మూడు చోట్ల దిద్దింది. రెండో దశ విడిపోయే యంత్రాంగాన్ని మార్చింది. పరికరాలుండే అర నిర్మాణాన్ని సరిచేసింది. లోపాన్ని తేల్చే తర్కాన్ని నిజ పరిస్థితులకు తగ్గట్టు తిరగరాసింది. అంటే కుదుపునూ తగ్గించింది, కుదుపును చూసి బెదరడాన్నీ తగ్గించింది.

2023 ఫిబ్రవరి 10న, అదే 9 గంటల 18 నిమిషాలకు ఎస్ఎస్ఎల్వీ రెండోసారి లేచింది. 450 కిలోమీటర్ల ఎత్తున మూడు ఉపగ్రహాలను అనుకున్నచోట వదిలింది. వాటిలో ఒకటి ఆజాదీశాట్-2. ఆడపిల్లలు మళ్లీ చేసి పంపిన ఉపగ్రహం! 2024 ఆగస్టు 16న జరిగిన మూడో ప్రయోగమూ విజయవంతమైంది.

అదే కాలంలో చంద్రయాన్-3 కూడా ఇదే బాటలో నడిచింది. 2019లో విక్రమ్ ల్యాండర్ చంద్రుడి మీద కూలిపోయాక, రెండోసారి 'ఏమేం చెడిపోవచ్చు?' అన్న ప్రశ్నతో డిజైన్ మొదలుపెట్టామని అప్పటి ఇస్రో ఛైర్మన్ ఎస్.సోమనాథ్ వివరించారు. 2023 ఆగస్టు 23న అది చంద్రుడి మీద మెత్తగా దిగింది.

తోటలో ఏం చేయొచ్చు?

రాకెట్ కంప్యూటరు రైతుకు అక్కర్లేదు. కానీ ఆ విద్యలోని సారాన్ని ఒక నోటుపుస్తకంలో పెట్టుకోవచ్చు. మోటారు కొత్తగా దించిన వారంలోనే, నీళ్లు నిండుగా పడుతున్నప్పుడు, వోల్టులు ఎంత, ఆంపియర్లు ఎంత అన్నది రాసి పెట్టుకోవాలి. వోల్టేజి బాగా ఉన్నప్పుడు ఒకసారి, పడిపోయినప్పుడు ఒకసారి. నాలుగైదు జతల అంకెలు చాలు. అదే ఆ మోటారుకు నకలు. ఆ తర్వాత ఎప్పుడు అనుమానం వచ్చినా ఉత్త ఆంపియర్లను కాకుండా, అదే వోల్టేజికి ముందు ఎంత ఉండేదో పోల్చి చూడాలి.

ఓవర్‌లోడ్ రిలే మీద తిప్పే అంకెను మోటారు రేకు మీద రాసిన ఆంపియర్లకు సరిపెట్టాలి. ట్రిప్ అవుతోందని దాన్ని అదేపనిగా పెంచుకుంటూ పోకూడదు. డబ్బాకు ఎండ తగలకుండా నీడ కల్పిస్తే అబద్ధపు ట్రిప్పులు సగం తగ్గినా తగ్గినట్టే. నీళ్లు అడుగంటితే ఆపే ఏర్పాటు వేరే ఉంటుంది. బోరులో నీళ్లు ఆగి ఆగి వస్తుంటే మెకానిక్‌తో మాట్లాడి అది పెట్టించుకోవాలి. ఎందుకంటే ఓవర్‌లోడ్ రిలేకు ఆ పులి కనపడదు. అన్నిటికన్నా ముఖ్యం... పదేపదే ట్రిప్ అవుతుంటే రిలేను తప్పించడం కాదు, ఎందుకవుతోందో కనుక్కోవడం.

చక్రాయపేట పక్క మండలం వేంపల్లె. అక్కడి ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ ఉంది. పల్లెల నుంచి వచ్చిన పిల్లలు అక్కడ ఇంజినీరింగ్ చదువుతున్నారు. ఎలక్ట్రికల్ విద్యార్థులకు కంట్రోల్ సిస్టమ్స్ పాఠం తప్పనిసరి. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఆ పిల్లలు నాన్న స్టార్టర్ డబ్బా ముందు ఒక గంట కూర్చుని, వోల్టులూ ఆంపియర్లూ రాసి, గ్రాఫు గీసి డబ్బా మూతకు అతికిస్తే చాలు. చదివిన పాఠానికి అంతకన్నా మంచి పరీక్ష దొరకదు. ఆ తోటకు అంతకన్నా చవకైన కాపలాదారుడూ దొరకడు.